వైజాగ్ ఉక్కపోతలో పాలీహౌస్ టమాటా పిందె కట్టాలంటే

ఫిబ్రవరి చివర్లో నారు నాటి, ఏప్రిల్‌లో గుత్తులు గుత్తులుగా పసుపు పూలు చూసి మురిసిపోయి, మే వచ్చేసరికి ఆ పూలన్నీ మల్చింగ్ షీటు మీంచి ఊడ్చుకున్నవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆనందపురం దాటాక మాకు పది సెంట్లలో ఓ పాలీహౌస్, అంటే ప్లాస్టిక్ షీటు కప్పిన సాగు షెడ్డు, ఉంది. ఆ మొదటి ఏడాది పక్క తోట బాబాయ్ గట్టు మీద నిలబడి, "ఏటమ్మా, టమాటా ఏసినావా, పూలతోట ఏసినావా? పూలైతే మన మార్కెట్‌కే అట్టుకెల్లిపోవచ్చు" అని నవ్వాడు. ఆనందపురం అంటే పూల మార్కెట్టే కదా, ఆయన మాట అలా గుచ్చుకుంది.

పూత రాలుతోంది అని మందుల షాపులో చెబితే ముందు బోరాన్ ఇచ్చారు, తర్వాత సూక్ష్మపోషకాల ప్యాకెట్, ఆ తర్వాత "పూత నిలబడే టానిక్" అని ఇంకో సీసా. మూడూ కొట్టాను. పూత రాలుతూనే ఉంది. అసలు విషయం ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు: రాత్రిపూట లోపల ఎంత వేడి ఉంటోంది? నూట యాభయ్యో రెండొందలో పెట్టి కనిష్ఠం గరిష్ఠం రెండూ గుర్తుపెట్టుకునే డిజిటల్ థర్మామీటరు కొని లోపల వేలాడదీస్తే, పొద్దున్న ఆరింటికి వెళ్లి చూసినప్పుడు రాత్రి కనిష్ఠం 28 అని ఉంది. అంటే రాత్రంతా మొక్క ఒక్క నిమిషం కూడా 28 కిందకు రాలేదన్నమాట. అక్కడితో సీసాల మీద ఖర్చు ఆపేశాను.

పువ్వు లోపల ఏం జరుగుతుంది

టమాటా పువ్వును దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు రంగులో చిన్న గోపురంలా ఉంటుంది, అవి ఒకదానికొకటి అతుక్కున్న కేసరాలు. ఆ గోపురం లోపల్నుంచి ఒక సన్నటి కాడ పైకి వస్తుంది, దాని కొసనే పుప్పొడి పడాలి. పుప్పొడి గోపురం లోపలి వైపుకే రాలుతుంది కాబట్టి టమాటాకు బయటి నుంచి వేరే పువ్వు పుప్పొడి అవసరం లేదు, తన పుప్పొడి తనకు చాలు. కావాల్సిందల్లా కాస్త కుదుపు, సరైన వేడి, గాలిలో సరైన తేమ.

వేడి ఎక్కువైతే మూడు రకాలుగా దెబ్బ తగులుతుంది. పుప్పొడి గింజలు తయారవుతున్నప్పుడే వాటికి అందాల్సిన చక్కెరలు అందక సగం తాలుగా పోతాయి. పుప్పొడి బాగానే ఉన్నా, కొస మీద పడ్డాక మొలిచి కిందికి దిగాల్సిన గొట్టం మధ్యలో ఆగిపోతుంది. మూడోది మీ కంటికే కనిపిస్తుంది: లోపలి కాడ గోపురాన్ని దాటి బయటకు పొడుచుకొచ్చేస్తుంది, ఇక గోపురం లోపల రాలిన పుప్పొడి దాని కొసకు ఎక్కడ అందుతుంది? ఏప్రిల్, మే నెలల్లో మీ పాలీహౌస్‌లో పది పూలు చూస్తే కొన్నిట్లో అయినా ఆ ఆకుపచ్చ పుల్ల బయటకు తొంగి చూస్తూ ఉంటుంది.

పిందె కట్టని పువ్వు ఎలా రాలుతుందో కూడా గమనించండి. పువ్వు కాడ మధ్యలో వేలి కణుపులాంటి చిన్న బుడిపె ఉంటుంది. ముందు ఆ కాడ పసుపు తిరుగుతుంది, తర్వాత సరిగ్గా ఆ కణుపు దగ్గరే పుటుక్కున విరుగుతుంది. పిందె పట్టిన పువ్వు అయితే రేకులు ఎండి వాడిపోయినా కాడ పచ్చగానే ఉండి, కొంచెం లావెక్కుతుంది, రేకుల కింద మిరియపు గింజంత పచ్చటి పిందె కనిపిస్తుంది. పువ్వు విప్పుకున్నాక రెండు మూడు రోజుల్లోనే ఈ తీర్పు అయిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, నాకు ఏడాది పోయాకగానీ తెలియనిది ఇది. ఇవాళ రాలుతున్న పువ్వు ఇవాళ్టి వేడికి మాత్రమే రాలడం లేదు. పుప్పొడి తయారయ్యేది పువ్వు విచ్చుకోవడానికి వారం, పది రోజుల ముందు, మొగ్గ ఇంకా ఆకుపచ్చగా చిన్నగా ఉన్నప్పుడు. వేడికి అది బాగా నలిగేది అప్పుడే. కాబట్టి ఈరోజు పూత రాలిందని ఈరోజు మందు కొడితే లాభమేముంది, పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టే. థర్మామీటరు అంకెలు రోజూ గోడ క్యాలెండరు మీద రాసుకుంటే, పూత రాలినప్పుడు పది రోజులు వెనక్కి చూసుకోవచ్చు. అలాగే వాన పడి రెండ్రోజులు చల్లబడగానే పిందెలు వచ్చేయాలని కంగారు పడకండి, ఆ చల్లదనం ఫలితం కూడా వారం పది రోజుల తర్వాతే కనిపిస్తుంది.

అంకెలు

టమాటాకు పగలు 21 నుంచి 29 డిగ్రీల మధ్య, రాత్రి 15 నుంచి 20 మధ్య ఉంటే హాయి. పగలు 32 దాటాక ఇబ్బంది మొదలై 35 దాటాక బాగా పెరుగుతుంది, 40 దగ్గర మూడు నాలుగు గంటలు ఉందంటే ఆ సమయానికి తయారవుతున్న పుప్పొడి మీద ఆశ వదులుకోవచ్చు. రాత్రి 21 దాటాక పిందె తగ్గడం మొదలవుతుంది, 24, 25 దాటితే మామూలు రకాల్లో చాలా పూలు వట్టిగా పోతాయి. కిందివైపు చూస్తే రాత్రి 13 కంటే తగ్గితే పుప్పొడి బలహీనమవుతుంది, 10 కిందకు పోతే దాదాపు తయారే కాదు.

ఇవన్నీ గుర్తుపెట్టుకోలేకపోతే ఒక చిన్న లెక్క చాలు. పగటి గరిష్ఠం, రాత్రి కనిష్ఠం కలిపి రెండుతో భాగించండి. 25, 26 లోపు ఉంటే పర్వాలేదు. 29 దగ్గరకు వస్తే కష్టం. ఇప్పుడు వైజాగ్ వాతావరణం పెట్టి చూడండి. జనవరిలో పగలు 28, 29, రాత్రి 18 ప్రాంతం, సగటు 23, 24. బంగారం. మేలో పగలు 34, 35, రాత్రి 27, 28, సగటు 31. ఇది బయటి లెక్క, పాలీహౌస్ లోపల పగలు దీనికి ఇంకో నాలుగైదు డిగ్రీలు కలుస్తాయి, గాలి ఆడకపోతే ఇంకా ఎక్కువ.

రోహిణీ కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, అది పగటి ఎండ గురించి. మన తీరంలో పగటి ఎండ విజయవాడంత ఉండదు, సముద్రం దాన్ని కాస్త ఆపుతుంది. కానీ అదే సముద్రం రాత్రిని చల్లబడనివ్వదు. మనిషికి ఫ్యానుంది, ఏసీ ఉంది, మొక్క మాత్రం రాత్రంతా ఆ ఉక్కలో పగలు సంపాదించుకున్న చక్కెరలన్నీ ఊపిరికే ఖర్చు చేసేసుకుంటుంది, పుప్పొడికి మిగిలేది తక్కువ. అందుకే వైజాగ్‌లో టమాటాకు అసలు శత్రువు మధ్యాహ్నం కాదు, రాత్రి.

వేసవిలో మన రైతుబజార్లకు మదనపల్లె టమాటా ఎందుకొస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడా పగలు ఎండ మండుతుంది, కానీ రాత్రయితే చల్లబడుతుంది. ఆ కొన్ని డిగ్రీల తేడా మీదే వేసవి టమాటా నడుస్తోంది. మనం పాలీహౌస్ కట్టేసి ప్లాస్టిక్కుతో ఆ ఎత్తును తెచ్చుకోలేం.

ముందు ఫోన్ తీయండి

పూత రాలితే వేడే కారణమని నా మాట మీద నమ్మేయక్కర్లేదు. పొద్దున్న పదిన్నర, పదకొండు మధ్య, తేమ కాస్త ఆరాక, ఫోన్ స్క్రీన్ ఆఫ్ చేసి నల్లటి అద్దాన్ని పూర్తిగా విచ్చుకున్న పువ్వు కింద పట్టుకుని, పువ్వు వెనక కాడను గోటితో నాలుగుసార్లు తట్టండి. అద్దం మీద పసుపు పొడి సన్నగా పడితే పుప్పొడి వస్తోందన్నమాట, అప్పుడు కుదుపో, తేమో, ఎరువో చూసుకోవాలి. ఏమీ పడకపోతే రెండు అవకాశాలు: తేమ ఎక్కువై పుప్పొడి ఉండకట్టి అతుక్కుపోయింది, లేదా అసలు తయారే కాలేదు. మధ్యాహ్నం ఒంటిగంటకు మళ్లీ తట్టి చూడండి. అప్పుడూ పడకపోతే, క్యాలెండరు మీద పది రోజుల వెనక అంకెలు కూడా ఎక్కువగా ఉంటే, అది వేడి పనే.

పొడి బాగానే పడుతున్నా పూత రాలుతుంటే ఓసారి పువ్వును అరచేతిలో దులిపి రసం పీల్చే సన్నటి తామర పురుగులున్నాయేమో చూడండి. ఆకు ముదురు ఆకుపచ్చగా, కొమ్మ బొటనవేలంత లావుగా, మొక్క మదమెక్కినట్టుంటే నత్రజని ఎక్కువైంది, యూరియా ఆపండి.

థర్మామీటరు ఎక్కడ పెట్టారన్నది కూడా ముఖ్యమే. స్తంభానికి కడితే ఇనుము వేడి చూపిస్తుంది, ఎండ నేరుగా తగిలితే 50 అని భయపెడుతుంది. పూల గుత్తులున్న ఎత్తులోనే, పైన తెల్ల ప్లాస్టిక్ పళ్లెం ఒకటి గొడుగులా బోర్లించి, గాలి తగిలేలా దాని కింద వేలాడదీయండి. మొక్క పెరిగేకొద్దీ దాన్నీ పైకి జరపాలి.

నాటే తేదీ మార్చుకోవడం, అన్నిటికంటే పెద్ద మందు

పూత కాలం నవంబరు మధ్య నుంచి ఫిబ్రవరి చివరిదాకా పడేలా చూసుకుంటే సగం యుద్ధం గెలిచినట్టే. దానికి నేను సెప్టెంబరు మొదటి పక్షంలో ప్రోట్రేల్లో, అంటే నారు పెంచే గుంటల ట్రేల్లో, విత్తనం పెడతాను, పాతిక, ముప్పై రోజులకు నారు వస్తుంది, అక్టోబరు రెండో వారంలో నాటు. నాటిన నెలకు అటూఇటూగా మొదటి గుత్తి. పువ్వు నుంచి పండుకు ఓ యాభై రోజులు వేసుకుంటే జనవరి నుంచి కోత, ఫిబ్రవరి చివరి పూత ఏప్రిల్ మధ్యలో పండుతుంది.

దీనికో చిక్కుంది, దాచడం ఎందుకు. అక్టోబరు, నవంబరు అంటే మనకు తుపానుల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఏం చేసిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. తుపాను హెచ్చరిక వస్తే నారు ఇంకా ట్రేల్లోనే ఉంటే ఇంట్లోకి తెచ్చుకోవచ్చు, నాటేశాక ఆ సౌకర్యం ఉండదు. అందుకే నేను కాస్త అదనంగా నారు పెంచి, నాటాక కూడా రెండు వారాలు ట్రేల్లో ఉంచుకుంటాను. మిగిలితే బాబాయ్ పట్టుకెళ్తాడు.

రెండో చిక్కు ధర. శీతాకాలంలో అందరి టమాటా ఒకేసారి వస్తుంది, రేటు పడిపోతుంది. ఫిబ్రవరిలో నాటి వేసవి రేటు అందుకుందామన్న ఆశ అక్కడే పుడుతుంది, నాకూ అక్కడే పుట్టింది. ఆ ఆశ తీరాలంటే చెర్రీ టమాటా కొంచెం నయం, పెద్ద కాయ రకాలకంటే వేడిలో కాస్త ఎక్కువ పిందె నిలుపుతుంది, హోటళ్లవాళ్లూ తీసుకుంటారు. రకాల్లో ఢిల్లీ పూసా సంస్థవాళ్ల పూసా సదాబహార్ వేడికీ చలికీ కొంత తట్టుకునేది, బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ల అర్కా వికాస్ వేడికి ఓర్చుకునేది. కానీ ఇవి పాలీహౌస్‌లో తాడు కట్టి ఎనిమిదడుగులు పాకించే రకాలు కావు. ఏ రకమైనా ఓర్చుకుంటుందంటే వేడిలో పది పూలకు నాలుగు నిలుస్తాయని అర్థం, పదీ నిలుస్తాయని కాదు.

వేడి దించడం: ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

ఫ్యాన్ అండ్ ప్యాడ్, అంటే ఒక పక్క తడి ప్యాడ్, ఎదురుగా గాలి లాగే ఫ్యాన్లు, పెట్టించుకోండి అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు, మా షెడ్డు కట్టినవాళ్లూ చెప్పారు. కొనేముందు ఒక్కసారి మీ డాబా మీద ఆరేసిన బట్టల్ని అడగండి. మేలో కూడా అవి సాయంత్రానికి చెమ్మగానే ఉంటే, ప్యాడ్ మీద నీళ్లూ అంతే నెమ్మదిగా ఆవిరవుతాయి, ఆవిరి కానిదే చల్లదనం రాదు. లెక్కలో చెప్పాలంటే, గాలి 33 డిగ్రీలుండి తేమ 75 శాతం ఉన్నప్పుడు, తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు 29 ప్రాంతం చూపిస్తుంది. ఎంత మంచి ప్యాడ్ అయినా దాన్ని దాటి దించలేదు, మామూలుగా ఆ తేడాలో 80 శాతం దింపితే గొప్ప. అంటే 33 కాస్తా 30 అవుతుంది. అదే అనంతపురంలో 40 డిగ్రీలు, 20 శాతం తేమ ఉన్న రోజున అదే యంత్రం దాదాపు 14 డిగ్రీలు దించేస్తుంది. యంత్రం మంచిదే, మన ఊరికి కాదు. ఇక రాత్రి మన దగ్గర తేమ 85 దాటి ఉంటుంది కాబట్టి ఒకటిన్నర డిగ్రీ దిగితే అదృష్టం, కరెంటు బిల్లు మాత్రం రాత్రీ పగలూ ఒకటే. పొగమంచులా నీళ్లు చిమ్మే ఫాగర్లకూ ఇదే మాట, పైగా ఆకు తడిసి తెగుళ్లు.

మన దగ్గర పనిచేసేది గాలి. పక్క కర్టెన్లు వేసవిలో రాత్రి కూడా పూర్తిగా ఎత్తి ఉంచండి, చాలామంది అలవాటుగా సాయంత్రం దించేస్తారు, పగటి వేడంతా లోపలే దాచుకుంటారు. కప్పు మీద వేడి బయటకు పోయే కిటికీ లేని పాలీహౌస్ మన తీరానికి పనికిరాదు, ఇప్పటికే కట్టేసి ఉంటే రెండు చివరల పైభాగంలో త్రికోణాలైనా తెరిపించండి. కొత్తగా కట్టేవాళ్లు ఎత్తు తగ్గించొద్దు. మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి మళ్లుతుంది కదా, ఆ వైపు గోడో దట్టమైన చెట్లో అడ్డం లేకుండా చూసుకోండి. భీమిలి వైపు సముద్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకు ఉప్పుగాలికి పైపులు త్వరగా తుప్పు పట్టే బాధ ఒకటుంది, అది వేరే కథ.

తెల్లదోమ రాకుండా 40 మెష్ నెట్, అంటే అంగుళానికి 40 కన్నాలుండేది, కట్టితీరాలి, అది మోసుకొచ్చే ఆకుముడత వైరస్ వచ్చాక పిందె గురించి మాట్లాడుకునే పనే ఉండదు. కానీ ఆ నెట్ గాలిని చాలా ఆపుతుంది, అందుకే కిటికీ ఎంత కావాలనుకున్నారో దానికి రెట్టింపు పెట్టుకోవాలి, నెలకోసారి పైపుతో నీళ్లు కొట్టి నెట్‌కు పట్టిన దుమ్ము కడగాలి. ఆ కడిగిన రోజు లోపలికి అడుగుపెడితే తేడా ముఖానికే తెలుస్తుంది.

షేడ్‌నెట్ 35 నుంచి 50 శాతం మధ్యది, కప్పు పైన, బయట, షీటుకూ దానికీ జానెడు సందు ఉండేలా వేయాలి. లోపల కడితే నెట్టే వేడెక్కి మొక్కల నెత్తిన పొయ్యిలా ఉంటుంది. నల్ల నెట్ కంటే తెల్లది, వెండి రంగుది నయం. మబ్బు పట్టిన రోజుల్లో దాన్ని పక్కకు లాగేయాలి, వెలుతురు చాలకపోయినా పూత రాలుతుంది. నెట్‌కు డబ్బు లేకపోతే షీటు మీద పలచగా సున్నం నీళ్లు చల్లండి, తొలకరికి అదే కడుక్కుపోతుంది.

డాబా మీద చిన్న షెడ్డు వేసుకుని కుండీల్లో పెంచేవాళ్లకు ఇంకో విషయం. మీ శత్రువు స్లాబు. పగలంతా ఎండ తాగి రాత్రి పన్నెండుదాకా వేడి కక్కుతూనే ఉంటుంది, చెప్పులు లేకుండా నిలబడి చూడండి. కుండీల్ని అడుగున్నర ఎత్తు స్టాండు మీద పెట్టి, స్లాబుకు తెల్లటి కూలింగ్ పెయింట్ వేస్తే రాత్రి అంకెలో ఒకటి రెండు డిగ్రీలు తగ్గుతాయి, మార్చి నెలలో ఆ రెండు డిగ్రీలే పిందెకీ ఊడ్చుకోవడానికీ తేడా.

నీరు డ్రిప్‌లో తెల్లవారుజామున ఒకసారి, వేసవిలో మధ్యాహ్నానికి ముందు ఇంకోసారి కొంచెం. వాడిన మొక్క ముందుగా వదిలేసేది పువ్వునే. నేల మీద వరిగడ్డి పరిచినా వేరు చల్లగా ఉంటుంది.

కుదుపు

బయట పొలంలో గాలి చేసే పని లోపల మనం చేయాలి. నిజానికి గాలికంటే బాగా చేసేది తుమ్మెద. నల్లటి తుమ్మెద పువ్వును కాళ్లతో పట్టుకుని ఝుమ్మని వణికిస్తే గోపురంలోంచి పుప్పొడి జలజలా రాలుతుంది. తేనెటీగకు ఆ విద్య రాదు, అందుకే పాలీహౌస్‌లో తేనెపెట్టె పెట్టినా టమాటాకు పెద్ద లాభం లేదు. ఐరోపాలో 1980ల చివర్నుంచి దీనికోసమే బంబుల్‌బీ పెట్టెలు అమ్ముతున్నారు. మన నెట్ తుమ్మెదను కూడా రానివ్వదు కాబట్టి ఆ ఝుంకారం మనమే చేయాలి.

బ్యాటరీ టూత్‌బ్రష్ చాలు, రెండొందలకు దొరికేది. బ్రష్ వెనక వైపు గుత్తి కాడకు, పువ్వుకు కాదు, ఒకటి రెండు సెకన్లు ఆనించండి. సరిగ్గా పనిచేస్తే ఎండకు ఎదురుగా చూసినప్పుడు పసుపు పొగలా కొంచెం లేస్తుంది, అది చూడటం నాకైతే భలే సరదా. పది గంటల నుంచి రెండు గంటల లోపు, రోజు విడిచి రోజు. మన దగ్గర పొద్దున్న ఎనిమిదికి తేమ 80 పైనే ఉంటుంది, పుప్పొడి అతుక్కుపోయి రాలదు, తొందరపడి అప్పుడే ఊపితే శ్రమ దండగ. తేమ 60, 70 మధ్యకు దిగాక మొదలుపెట్టండి. మొక్కలు ఎక్కువైతే పైన కట్టిన తీగను కర్రతో తట్టుకుంటూ వెళ్లొచ్చు, అంత బాగా కాదుగానీ పని జరుగుతుంది.

హార్మోన్ మందుల సంగతి. పుప్పొడి పనిచేయకపోయినా పిందె నిలిపే మందులున్నాయి, 4-సీపీఏ లాంటివి, పువ్వు గుత్తి మీద మాత్రమే కొడతారు. కాయ వస్తుంది, కానీ గింజ లేక లోపల డొల్లగా, మూలలు తేలి ఉంటుంది, కోస్తే సగం గాలి. మోతాదు కాస్త మించినా లేత ఆకులు తాడులా మెలి తిరుగుతాయి. సీసా మీద రాసిన మోతాదు దాటొద్దు, ఒకే పువ్వుకు రెండుసార్లు కొట్టొద్దు. నేను ఒక సీజన్ వాడి మానేశాను. ఇంకో హెచ్చరిక: వరిలో కలుపుకు కొట్టే 2,4-డి కూడా ఈ జాతిదే, పక్క పొలంలో కొడుతున్నప్పుడు గాలి మీవైపు ఉంటే కర్టెన్లు దించేయండి, ఆ మందు కొట్టిన స్ప్రేయరు టమాటా వైపు తీసుకురానే వద్దు.

అరకు, చింతపల్లి వైపు ఉన్నవాళ్లకు

ఏజెన్సీలో కథ తిరగబడుతుంది. ఇప్పుడు అది అల్లూరి జిల్లా అయినా, వైజాగ్ నుంచి అక్కడికెళ్లి సాగు చేసేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నా. డిసెంబరు, జనవరిలో రాత్రి 10 కిందకు పోతుంది, లంబసింగిలో ఇంకా తక్కువ. అక్కడ పూత రాలకుండా నిలిచినా కాయ వంకరటింకరగా, అడుగున మచ్చలూ ముడతలతో వస్తుంది, రెండు మూడు కాయలు కలిసి అతుక్కున్నట్టుంటుంది. దానికి కారణం కూడా మొగ్గ తయారయ్యేటప్పుడు, పువ్వుకు రెండు మూడు వారాల ముందు తగిలిన చలే. అలాంటి మొదటి గుత్తి పూలు పళ్లెంలా పెద్దగా, రేకులు ఎక్కువగా కనిపిస్తే వెంటనే గిల్లేయండి, మొక్క బలం వాటికి దండగ.

అక్కడ సాయంత్రం నాలుగింటికే కర్టెన్లు దించి పగటి వేడిని పట్టుకోవాలి, పొద్దున్న ఎండ ఎక్కాక తెరవాలి, లేకపోతే లోపల తేమ నీళ్లయి కారుతుంది. నల్ల రంగు వేసిన నీళ్ల డ్రమ్ములు వరుసల మధ్య పెడితే పగలు కాగి రాత్రి కొంచెం కొంచెంగా వేడి వదులుతాయి. చలి అని లోపల నెగడు మాత్రం వేయకండి. సరిగ్గా మండని కట్టె పొగలో ఇథిలీన్ ఉంటుంది, టమాటా పూతకు అది విషం, చలికి మిగిలిన పూలు కూడా పొగకు రాలిపోతాయి. రకం విషయానికొస్తే పూసా శీతల్ చలి రాత్రుల్లో కూడా పిందె కట్టడానికే తయారుచేసింది.

ఏప్రిల్ తర్వాత

మైదానంలో మార్చి దాటాక కొత్త పూత మీద ఆశ పెట్టుకోకండి. మార్చి మధ్యలో మొక్క కొస తుంచేసి, ఉన్న కాయలకు బలం పోనివ్వండి. ఏప్రిల్‌లో కాయలు ఎర్రబడకుండా పసుపు, నారింజ రంగు దగ్గర ఆగిపోతే కంగారొద్దు, 30 దాటాక ఆ ఎరుపు రంగు సరిగ్గా తయారుకాదు. దోర కాయలుగా కోసి ఇంట్లో చల్లటి గదిలో పరిస్తే రంగు తిరుగుతాయి.

తర్వాత మొక్కలు పీకేసి, ఇన్నాళ్లూ తిట్టుకున్న ఆ వేడినే పనికి పెట్టండి. నేల బాగా తడిపి, పారదర్శకమైన సన్నటి పాలిథిన్ షీటు నేలకు అతుక్కునేలా పరిచి, అంచులు మట్టితో కప్పేసి, కర్టెన్లన్నీ దించి నాలుగు నుంచి ఆరు వారాలు తాళం వేసేయండి. వేర్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు, వడలు తెగులు శిలీంధ్రాలు చాలావరకు ఉడికిపోతాయి. మూసేముందు లోపల ఉన్న సామానంతా బయట పెట్టుకోండి. పోయిన మేలో నేను థర్మామీటరు మరిచిపోయి తాళం వేసేశాను. జూన్‌లో తీసి చూస్తే తెర నల్లబడి అంకె కనిపించలేదు, ప్లాస్టిక్ ఒక పక్కకు ఒరిగిపోయింది. కొత్తది కొనుక్కొచ్చి సెప్టెంబరు కోసం క్యాలెండరు పక్కన మేకుకు తగిలించాను.